దానం పేరిట ఆట, లెక్క ఎవరికి?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఏ బార్‌లో కూర్చున్నా రెండు డాలర్లకు ఒక అట్టముక్క దొరుకుతుంది. దాని మీది పట్టీలు ఒక్కొక్కటే చించాలి. లోపల బొమ్మలు కలిస్తే డబ్బు, లేదంటే చెత్తబుట్ట. పుల్-ట్యాబ్ అనే ఈ జూదాన్ని నడిపేది కాసినో కాదు. మాజీ సైనికుల సంఘం, పిల్లల హాకీ క్లబ్, అగ్నిమాపక దళ సంఘం వంటివి. ఏటా 400 కోట్ల డాలర్లకు పైగా చేతులు మారుతున్నాయి. సుమారు 85 శాతం బహుమతులుగానే వెనక్కి పోతుంది. పేచీ అంతా మిగిలిన దాని మీదే.

అక్కడి చట్టం మెతకదేమీ కాదు. మిగులులో కనీసం 30 శాతం ‘చట్టబద్ధ ప్రయోజనాల’కు ఖర్చు చేయని సంస్థను ఏడాది పాటు ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరికతో కూడిన పరిశీలనలో పెడతారు. దానాన్ని బట్టి నక్షత్రాల రేటింగ్ కూడా ఉంది. ఎన్నికల ప్రచారానికి పైసా ఇవ్వకూడదు. ఇంతవరకు భేష్. కానీ ఆ ప్రయోజనాల జాబితా చదివితే నవ్వొస్తుంది. రాష్ట్రానికి కట్టే జూదం పన్ను అందులోనే ఉంది, ఆట నడిచే సొంత భవనం మీది ఆస్తి పన్నూ అందులోనే. పై స్లాబులో ఆ జూదం పన్ను మూడో వంతు దాటుతుంది! 2012లో ఫుట్‌బాల్ స్టేడియం కట్టాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం తన వాటాకు నమ్ముకున్నది తెర మీద ఆడే ఎలక్ట్రానిక్ పుల్-ట్యాబ్‌ల పన్నునే. దానం చేస్తున్నామనుకుని ఆడినవాడు స్టేడియానికి ఇటుకలు మోశాడన్నమాట.

పన్ను కట్టడం బాధ్యత, భవనం నిలబెట్టుకోవడం అవసరం. రెండూ దానం కావు. సేవ పేరు చెప్పి వసూలు చేసిన డబ్బు క్లబ్ గోడలు దాటాలి, దాటినట్టు కనిపించాలి. ఆటల ఖాతా వేరు, బార్ ఖాతా వేరు ఉండాలి. ఎవరికి ఎంత ఇచ్చారో టికెట్ అమ్మే కౌంటర్ దగ్గరే గోడకు అంటించాలి. చెక్కు అందుకున్న సంస్థలో క్లబ్ కమిటీ వారి బంధువులు ఉంటే ఆ సంగతీ రాయాలి.

ఇదంతా మనకెందుకు అనుకోనక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్‌పై పోలీసులు పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడేవారి దగ్గర కొంత రుసుము తీసుకున్నంత మాత్రాన నేరం కాదంది. యజమానో క్లబ్బో ఆట మీద లాభం గుంజుతుంటే మాత్రం నేరం కావచ్చనీ అంది. మొదటి మాట క్లబ్బులన్నిటికీ కంఠతా వచ్చు, రెండో మాట ఎవరికీ గుర్తులేదు! తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో జూదం చట్టాలు బిగించినా, పేకాట క్లబ్బులు తెరవాలన్న మాట అడపాదడపా వినిపిస్తూనే ఉంది. ‘సేవా కార్యక్రమాలు చేస్తాం’ అన్న హామీ వెంటే ఉంటుంది. అలా అడిగినవారి ముందు ప్రభుత్వాలు పెట్టాల్సిన మొదటి షరతు: గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ఆడేవారి దగ్గర వసూలు చేసిన సీటు డబ్బులతో సహా.