టీస్పూను గారికి ఒక శొంఠి ఘాటు లేఖ

మహారాజశ్రీ టీస్పూను గారికి,

బేగంబజార్ నుంచి మోసుకొచ్చిన ఎండు పుదీనా, తులసి, శొంఠి పొడి కలిపి టీ పొడి చేసే పనిలో తమరు చేసిన సాయం మరువలేనిది. ఆ టీ ఒక్క గుక్క తాగిన మా వియ్యపురాలు "ఘాటు బాగుంది వదినగారూ" అన్నారు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. కప్పు మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు.

కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. పుదీనా 50 గ్రాములు, తులసి 30, శొంఠి 10. కాటాలో బ్యాటరీ చచ్చింది. మా బావగారు తమరిని పోపుల పెట్టెలోంచి తీసి, కాడ మీద చెక్కిన 5 చూపించి, "చెంచాకి 5 గ్రాములు. పది, ఆరు, రెండు. అంతేగా!" అని తేల్చేశారు.

అయ్యా, అవి 5 మిల్లీలీటర్లు. పక్కన 'ఎంఎల్' అని ఉండేది, తోమీ తోమీ అరిగిపోయింది. అంకె మాత్రం చెక్కుచెదరలేదు!

సాయంత్రం బ్యాటరీ మార్చి కూర్చున్నాను. ఒక్క చెంచా పుదీనాకి కాటా సున్నా దగ్గర్నుంచి కదిలితేగా! తలకొట్టిన పది చెంచాలు కలిపి తూస్తే 5 గ్రాములు తూగింది. అంటే చెంచాకి అర గ్రాము. అదే పది చెంచాల శొంఠి పొడి 18 గ్రాములు. ఆకు మధ్యలో గాలి పెట్టుకుని కూర్చుంటుంది, పొడి సందు లేకుండా సర్దుకుంటుంది. అరచేతిలో నలిపిన పుదీనాది మళ్ళీ ఇంకో లెక్క. ఈ లెక్కన ఒక చెంచా శొంఠికి పద్దెనిమిది చెంచాల పుదీనా పడాలి. తమరు ఐదుతో సరిపెట్టారు. మిగతా పదమూడు ఎవరు మింగారు స్వామీ?

మీ అన్నగారు టేబుల్‌స్పూను ఇంకా ఘనుడు. ఇక్కడ 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో విమానం దిగితే 20! మా అమ్మమ్మ ఇంట్లో గిద్ద, సోల, తవ్వ ఉండేవి. అవీ కొలపాత్రలే. ఏనాడైనా మేం గ్రాములమని పోజు కొట్టాయా?

ఇక గారూ గీరూ కట్టిపెడుతున్నా. నీ వల్ల రెండొందల రూపాయల సరుకు పాడైంది, వియ్యాలవారి ముందు పరువు పోయింది. బావగారేమో ఇప్పటికీ "అర గ్రామేంటి, మీ కాటాయే తప్పు" అంటున్నారు. ఆ మనిషికి అంత ధైర్యం వచ్చింది నీ మీదున్న ఆ అంకె చూసే కదా!

డబ్బా మూతల మీద మార్కర్‌తో రాసేశాను. పుదీనా చెంచా అర గ్రాము, శొంఠి చెంచా 1.8. వానాకాలం ఆకు మెత్తబడితే మళ్ళీ తూచాలి, అది నా ఖర్మ.

నిన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామనుకున్నాను. కానీ సిరప్ సీసా మీద 5 మిల్లీలీటర్లు అని ఉంటుంది చూడు, అక్కడ మాత్రం నువ్వు నిజమే చెబుతావు. పో, మందుల డబ్బాలో పడుండు. పోపుల పెట్టె ఛాయల్లో కనబడితే మాత్రం ఊరుకోను.