అద్దె ఇంటికి రంగు అడ్డమా?

విశాఖలోని పెదవాల్తేరు, ఇసుకతోట, మద్దిలపాలెం సందుల్లో టులెట్ బోర్డు కనిపించని వీధి తక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా విద్యార్థి ఆ నంబరుకు ఫోన్ చేస్తే ‘వచ్చి చూసుకోండి’ అంటారు. తీరా మనిషి గుమ్మం ముందుకొచ్చాక ‘అయ్యో, పొద్దున్నే వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేశారండీ’ అంటారు. బోర్డు మాత్రం గేటు దిగదు. అమెరికాలో ఉన్న కొడుకును ఎవరో ‘మీ దేశం పో’ అన్నారని తెలిస్తే ఆ యజమానికే రాత్రంతా నిద్ర పట్టదు.

సముద్రం దాటి చిన్నచూపు చూడబడిన అనుభవం మనకు లేకపోతే తెలియక చేశారులే అనుకోవచ్చు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి ఒకప్పుడు వేలాది మంది స్టీమరెక్కి ‘రంగం’ (బర్మాలోని రంగూన్) పోయారు. ఏ ఊరివాళ్లయినా అక్కడ అందరూ, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద, ‘కోరంగీలే’. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు ఎగుమతి దిగుమతులు చేయించే కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను దించాయి. సమ్మె తెమలగానే ఆ బర్మావాళ్లను పొమ్మన్నాయి. కడుపు మండిన రెండు జట్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రోజుల తరబడి సాగిన ఆ దాడుల్లో చనిపోయినవారిలో తెలుగువాళ్లే ఎక్కువ. తక్కువ కూలికి పరాయివాణ్ణి తెచ్చుకున్న యాజమాన్యాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. కూలి తగాదా జాతి తగాదాగా మారడానికి ఒక్క నెల కూడా పట్టలేదు. 1942లో జపాన్ దాడికి భయపడి కొందరు, 1962 సైనిక తిరుగుబాటు తర్వాత బతుకు సాగక మరికొందరు తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఉన్నది అందుకే.

అమెరికా సంగతీ చూద్దాం. మన ఆంధ్ర వైద్య కళాశాల మొదలైన 1923లోనే, భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ తెల్లవాడు కాడు గనుక పౌరసత్వం పొందే అర్హత లేదని ఆ దేశపు సుప్రీంకోర్టు తేల్చింది. తాను అగ్రకులంలో పుట్టిన ఆర్యుణ్ణి గనుక తెల్లవాళ్లలో లెక్కేనని ఆయన వాదించాడు. ఇంటి దగ్గరి కులం అక్కడ రంగు కింద చెల్లలేదు. (కులం అక్కడ అంతరించిందని మాత్రం అనుకోనక్కర్లేదు. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించాల్సి వచ్చింది.) మనవాళ్లకు తలుపు తెరిచిన 1965 వలస చట్టం నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చిందే. ఆ దారినే విశాఖ డాక్టర్లు ఎందరో వెళ్లి స్థిరపడ్డారు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించే చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు. పుట్టిన దేశాన్ని బట్టి ఇల్లు ఇవ్వనంటే మన పిల్లలు ఇవాళ అక్కడ ఫిర్యాదు చేయగలుగుతున్నారంటే ఆ నల్లవాళ్ల చలవే.

మరి ఆఫ్రికా విద్యార్థి ఇక్కడ ఎవరికి మొరపెట్టుకోవాలి? రాజ్యాంగం 15వ అధికరణ పౌరులకే రక్షణ ఇస్తుంది. 14, 21 అధికరణలు విదేశీయులకూ వర్తిస్తాయి గానీ అవి కట్టడి చేసేది ప్రధానంగా ప్రభుత్వాన్ని; ఇంటి యజమానిని కాదు. వివక్షను నిషేధించాలంటూ శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

యజమానుల గోడులో కొంత నిజం లేకపోలేదు. విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకుంటే 24 గంటల్లో ఆన్‌లైన్ ఫారం నింపి అధికారులకు తెలపాలి. ఆ తతంగమన్నా, పోలీసుల మాటన్నా పెద్దవయసు వాళ్లకు బెదురే. అయితే ఆ బెదురు తెల్లతోలు అతిథి వచ్చినప్పుడు ఏమవుతుందో మాకు అంతుబట్టదు.

చట్టం సంగతి పార్లమెంటు, శాసనసభ తేల్చాలి. ఈలోగా విదేశీ విద్యార్థులకు ఇల్లివ్వడానికి సిద్ధపడే యజమానుల జాబితాను విశ్వవిద్యాలయం తయారుచేయాలి. ఆ ఫారం నింపడంలో వారికి సాయపడేందుకు నగర పోలీసులతో కలిసి ఒక కౌంటర్ తెరవాలి. ఫీజు కట్టించుకున్న విద్యార్థికి నీడ చూపించడం విశ్వవిద్యాలయం బాధ్యతే. వచ్చే అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఇది జరగాలి.