నన్నూ పశువుగా గుర్తించండి

మా గేదెకు ఆధార్ వచ్చింది. పసుపుపచ్చ బిళ్ళ, దాని మీద 12 అంకెలు. ఊళ్ళో పశువుల్ని చూసే గోపాలమిత్ర పటకారు లాంటిదొకటి చెవికి పెట్టి టక్కుమనిపించాడు. గేదె ఒకసారి తల విదిలించి, మళ్ళీ చిట్టు కుడితిలో మూతి పెట్టింది. అంతే, పని అయిపోయింది. ఓటీపీ రాలేదు, సర్వర్ డౌన్ కాలేదు. నా బొటనవేలు మాత్రం ఆధార్ వేలిముద్ర మిషన్‌కి ఇప్పటికీ నచ్చదు. "చేతులు బాగా కడుక్కుని రండి" అంటారు.

నెల తిరక్కుండానే బిళ్ళ కంచెకి తగులుకుని ఊడిపోయింది, అది వేరే కథ. కొత్త బిళ్ళ పడేదాకా, పూటకి నాలుగు లీటర్లిచ్చే గేదె కంప్యూటర్ లెక్కలో మా ఇంట్లో లేనట్టే. పాలు మాత్రం ఇచ్చింది, పాపం దానికి తెలియక.

తర్వాత దాన్ని మా అక్క వాళ్ళ ఊరు పంపాల్సొచ్చి, 1978 నాటి పశువుల రవాణా నిబంధనలు చదివాను. చదివినకొద్దీ గేదె మీద అసూయ పుట్టింది. ప్రయాణానికి పనికొస్తుందని, అంటురోగం లేదని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తేనే బండి ఎక్కించాలి. లారీకి ఆరు పశువుల కన్నా ఎక్కువ ఎక్కించకూడదు. కాలు జారకుండా కింద కొబ్బరిపీచు పట్టా పరవాలి. వెంట ఒక మనిషి ఉండాలి. బెదిరిపోకుండా వీలైతే ముఖం ఇంజిన్ వైపు పెట్టాలి. మొన్న సంక్రాంతికి నేను బస్సులో ఊరెళ్ళినప్పుడు నా ముఖం ఎవరిదో చంకలో ఉంది.

రైలు సంగతి ఇంకా బాగుంటుంది. బ్రాడ్‌గేజ్ గూడ్సు పెట్టెకి పెద్ద పశువులైతే పదే. ఆ పెట్టెను రైలు మధ్యలో తగిలించాలట, కుదుపు తగలకుండా కాబోలు. మన జనరల్ బోగీలు ఎక్కడుంటాయో తెలుసుగా? ఇంజిన్ వెనక కొన్ని, చిట్టచివర కొన్ని. పశువుల పెట్టెలో వంట చేయకూడదని కూడా రాశారు. ఏ గేదె పొయ్యి వెలిగించిందో మరి.

అర్ధరాత్రి హైవే మీద వెళ్ళే కంటైనర్లలో కాళ్ళు కట్టేసి కుక్కిన పశువులు ఆరేనా అని అడక్కండి. వాటికి చదువు రాదు కదా, ఆ రూలు ఎలా తెలుస్తుంది?

పక్కవాడి చేలో పడితే మాత్రం 1871 నాటి చట్టం ఉంది, పట్టుకున్న పశువుల్ని బంధించే బందెలదొడ్డికి తోలడానికి. మా ఊరి దొడ్డి స్థలంలో ఇప్పుడు వాటర్ ట్యాంకు లేచింది. అయినా చట్టం పాపం ఎదురుచూస్తూనే ఉంది.

ఇవన్నీ ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. గేదె సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు డాక్టరు గారికి ఇంకో దరఖాస్తు కూడా ఇచ్చాను. "వచ్చే పండక్కి ఊరెళ్ళాలి సార్, నాకూ ఒకటి రాసివ్వండి. బండికి ఆరుగురే, ముఖం ఇంజిన్ వైపు."

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని, నా తల ఇటూ అటూ తిప్పి చూశారు.

"చెవికి బిళ్ళ ఏదండీ?"