సిమ్యులేషన్‌లోని నీటి డబ్బా గారికి, నల్లగొండ నుంచి

మహారాజశ్రీ నీటి డబ్బా గారి సముఖమునకు,

నల్లగొండ శివారులోని ఒక విశ్వవిద్యాలయంలో, రసాయన శాస్త్ర భవనం రెండో అంతస్తులో, కంప్యూటర్ సిమ్యులేషన్ పరిశోధక బృందంలో నాలుగేళ్లుగా మీకు కాపలా కాస్తున్న పరిశోధక విద్యార్థి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం అడగనక్కర లేదు. మీ ఉష్ణోగ్రత, పీడనం, శక్తి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి గ్రాఫు గీసి నేనే చూసుకుంటున్నాను. మా అమ్మ బీపీని అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు.

ఈ ఉత్తరం ఇతరుల కంట పడే ప్రమాదం ఉంది కాబట్టి మీరెవరో కాస్త చెప్పనివ్వండి. ఒక ప్రోటీనును నడుమ నిలబెట్టి, దాని చుట్టూ పదివేల పైచిలుకు నీటి అణువులను నింపి, ఒక్కో పరమాణువు మీద ఎంత బలం పడుతున్నదో లెక్కగట్టి, న్యూటన్ సూత్రం ప్రకారం దాన్ని రవ్వంత జరిపి, మళ్లీ లెక్కగట్టే ఏడు నానోమీటర్ల గది మీరు. ఒక్కో అడుగు రెండు ఫెమ్టోసెకన్లు. సెకనును కోటి కోట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ పది చేస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకను. ఈ లెక్కన ఒక్క మైక్రోసెకను, అంటే వెయ్యి నానోసెకన్లు, గడవడానికి మీరు 50 కోట్ల అడుగులు వేయాలి, రోజుకు వంద నానోసెకన్లు నడిపే మా యంత్రం మీద దానికి పది రోజులు పడుతుంది. మీ లోకంలో సెకనులో పదో వంతు, అంటే ఎవరో ఒకరు రెప్ప వేసేంత సేపు, గడిచేసరికి ఇక్కడ 2,700 ఏళ్లు దాటిపోతాయి. యూజీసీ వారు ఫెలోషిప్ ఐదేళ్లకే ఇస్తారు.

మీ వంశం గొప్పదని నాకు తెలుసు. 1927లో మన హైదరాబాదులోనే పుట్టిన అనీసుర్ రహ్మాన్ గారు 1964లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబొరేటరీలో 864 ఆర్గాన్ పరమాణువులను కంప్యూటరు మీద కదిలించి చూపించారు. 1971లో స్టిలింజర్‌తో కలిసి 216 నీటి అణువులతో మీ ముత్తాతను నిలబెట్టారు. 2013లో కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్ గార్లకు ఇలాంటి కంప్యూటరు నమూనాలకే రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చినప్పుడు మీ ఇంటి పేరు లోకానికంతటికీ తెలిసింది. కనుక మీ పుట్టుకను తక్కువ చేసే సాహసం నాకు లేదు. నా తగాదా అంతా మీ నడవడితోనే.

మా బృందం వాడే నీటికి టిప్-త్రీ-పి అని పేరు, 1983 నాటి నమూనా. సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవలసిన మీరు, సున్నాకు 127 డిగ్రీల కిందికి దిగితే గానీ గడ్డకట్టరు. అసలు నీళ్లలో అణువులు ఎంత చురుకుగా తిరుగుతాయో, మీలో అంతకు రెట్టింపు పైచిలుకు చురుకుగా తిరుగుతాయి. ఆక్సిజన్ దగ్గర రెండు హైడ్రోజన్ల నడుమ కోణం 104.52 డిగ్రీలు, అది చావు దాకా మారదు. మా మర్రిగూడ వైపు, బోరు నీళ్లలోని ఫ్లోరైడు వల్ల కీళ్లు ఇట్లా బిగుసుకుపోయిన వారిని పింఛను సర్టిఫికెట్ కోసం ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారు. మిమ్మల్ని మాత్రం లెక్క తేలికవుతుందని మెచ్చుకుంటారు.

ఇక మీ గోడల సంగతి. మీ ఎడమ గోడలోంచి బయటికి పోయిన చుక్క అదే క్షణాన కుడి గోడలోంచి లోపలికి వస్తుంది. అందువల్ల మీలో ఒక్క బొట్టు కూడా తగ్గినట్టు నాలుగేళ్లలో నేను చూడలేదు. మా ఊరి చెరువు మత్తడి దుంకిన నీళ్లు ఏ గోడలోంచీ తిరిగి రాలేదు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు చేరి, గదిలో ఏసీ మొండికేసి, యూపీఎస్ కీచుమని అరుస్తున్నప్పుడు కూడా మీరు 300 కెల్విన్ దగ్గర, అంటే 27 డిగ్రీల చల్లని నీడలో, థర్మోస్టాట్ పెట్టుకుని కూర్చుంటారు. కరెంటు పోతే ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతారు. ఈ వసతి నా చదువుకు లేదు.

ఇవన్నీ ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది మా ప్రాజెక్టు ప్రతిపాదన. దాని మొదటి పేజీలో మా ప్రాంతపు వంకర కాళ్ల ఫోటో ఉంటుంది, గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడు బోరు నీళ్లలోకి ఎలా దిగుతుందో, ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ కూర్చునే చోట అది ఎలా కూర్చుంటుందో రెండు పేరాలు ఉంటాయి. రెండో పేజీ నుంచి చివరి దాకా మీరే ఉంటారు, ఫ్లోరైడు లేకుండా. ఒకసారి ధైర్యం చేసి మీలో ఫ్లోరైడు వేద్దామని గైడు గారిని అడిగాను. "పారామీటర్లు మళ్లీ సరిచూడాలి, ఆరు నెలలు పోతుంది, మొదటి పేరాలో ఎలాగూ ఉంది కదా" అన్నారు. ఆ రాత్రి నేనే గుట్టుగా ఒక నీటి అణువును పీకి ఒకే ఒక్క ఫ్లోరైడు అయాను పెట్టి, మీ విద్యుదావేశం సరిపోవాలి కనుక తోడుగా ఒక సోడియాన్ని నిలబెట్టి, లెక్క వేసి చూశాను. లీటరుకు వంద మిల్లీగ్రాములు దాటింది. తాగే నీటిలో గరిష్ఠంగా అనుమతించే ఒకటిన్నర మిల్లీగ్రాముకు మిమ్మల్ని దించాలంటే ఆ ఒక్క అయాను చుట్టూ 7 లక్షల నీటి అణువులు కావాలి. ఇప్పుడున్న పదివేల పైచిలుకుకే మా యంత్రానికి ఆయాసం వస్తుంది. అంటే మా ఊరి నీళ్లు మీలో పట్టవు. మీరు చిన్నవారు.

పోయిన నెల మా చిన్నాయన మర్రిగూడ నుంచి బస్సెక్కి, కూల్‌డ్రింకు సీసాలో బోరు నీళ్లు పట్టుకుని, నేను నీళ్ల మీద పరిశోధన చేస్తున్నానని అమ్మ చెప్పిన మాట నమ్మి, రెండో అంతస్తు దాకా మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి వచ్చాడు. కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్నా పొలం కాడ ఇంకా బోరు నీళ్లే తాగుతాడు. తెర మీద ఎర్రగా, తెల్లగా వణుకుతున్న మిమ్మల్ని చాలాసేపు చూశాడు.

"ఇవి నీళ్లా బిడ్డా?"

"నీళ్లే చిన్నాయన."

"మరి తడి లేదేంది?"

నేను మాట మార్చేలోపే సీసా మూత తీసి, "ఇవి గూడ దాంట్ల పోసి జూడు" అన్నాడు. కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆయనను కింది అంతస్తులోని ల్యాబుకు తీసుకుపోయాను. అక్కడి అటెండరు బఫరు ద్రావణం కలిపి, ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడు ముంచాడు. పది నిమిషాల్లో అంకె వచ్చింది: లీటరుకు 3.2 మిల్లీగ్రాములు. ఆ పక్కనే, 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వారు పటికతో, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి మా నల్లగొండ పేరే పెట్టి చూపించిన పటం, దుమ్ము పట్టి గోడకు వేలాడుతున్నది. చిన్నాయన అంకె రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ పది నిమిషాల్లో పైన మీరు ముక్కాలు నానోసెకను కూడా నడవలేదు.

బస్టాండులో బస్సెక్కుతూ ఆయన అడిగింది ఒక్కటే: "మరి నీ డబ్బాల నీళ్లు తాగొచ్చునా?"

ఆ ప్రశ్నకు జవాబు మీరే స్వయంగా రాసి, మీ తీరిక వేళ, ఏ గోడలోంచి అయినా సరే, మా చిన్నాయనకు పంపగలరని ప్రార్థన. ఆయన వారానికొకసారి ఫోను చేస్తున్నాడు.

ఇట్లు,
మీ కాపలాదారు