సొంత అనుభవం ఎక్కడ సాక్ష్యం, ఎక్కడ కాదు

గత వానాకాలంలో ఒక రాత్రి, ఊరూ పేరూ తెలియని పెద్దమనిషితో ఫోన్ తెర మీద గంటన్నర సేపు బొప్పాయి ఆకు రసం గురించి వాదించాను. ఆయనది గాజువాక అని మాటల్లో తెలిసింది, నాది ఎంవీపీ కాలనీ అని ఆయనకూ తెలిసింది. అంతకు మించి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వాళ్ల బావమరిదికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు 22 వేలకు పడిపోతే మూడు రోజులు ఆకు రసం తాగించారట, 90 వేలకు పెరిగాయట. "కళ్లారా చూసింది కాదంటారేటి సార్?" అని ఆయన ప్రశ్న. నేను పరిశోధనలు, ప్రమాణాలు అంటూ ఏదో చెప్పబోయాను. ఆయన ల్యాబ్ రిపోర్టు ఫొటో పెట్టారు. అది చూసి, వాదన గమనిస్తున్న నలుగురూ ఆయన వైపు చేరిపోయారు. కాగితం చూపించింది ఆయనే కాబట్టి వాళ్లను తప్పుపట్టడానికీ లేదు.

ఆయన అబద్ధమాడలేదు. డెంగీలో సాధారణంగా జ్వరం దిగే రోజుల్లోనే ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి. ఆ ఒకటి రెండు రోజుల గండం గడిస్తే ఎక్కువమందిలో వాటంతట అవే పెరుగుతాయి. ఆ మూడు రోజుల్లో ఆకు రసం తాగినా, కొబ్బరినీళ్లు తాగినా, సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నా పేరు దానికే వస్తుంది. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే వేళకు రక్తనాళాల్లోంచి ప్లాస్మా అనే ద్రవం బయటికి కారి, రక్తం చిక్కబడి, మనిషి షాక్‌లోకి వెళ్లే అవకాశం ఉంటుంది. ఆ చిక్కదనం రిపోర్టులో పీసీవీ అనే వరుసలో కనిపిస్తుంది. ఆయన పెట్టిన ఫొటోలోనూ ఆ వరుస ఉంది. ఆయనా చూడలేదు, చదువుకున్నవాడినని అనుకునే నేనూ చూడలేదు. ఇద్దరం ప్లేట్‌లెట్ల అంకె పట్టుకునే కొట్టుకున్నాం.

అదే నెలలో నాకు జరిగిన మరో వాదనలో ఇది పూర్తిగా తిరగబడింది. బీచ్ రోడ్డులో ఒక రెస్టారెంట్‌లో భోజనం చేస్తే బిల్లులో అడగకుండానే సర్వీస్ ఛార్జీ వేశారు. ఆ బిల్లు ఫొటో నలుగురి ముందు పెట్టి ఇది న్యాయమేనా అని అడిగాను. "బోర్డు చూసే కదా కూర్చున్నారు" అని ఒకరు దెప్పారు. మరొకరు, ఆయనెవరో ఇప్పటికీ నాకు తెలియదు, ఓపికగా దారి చెప్పారు. సర్వీస్ ఛార్జీని తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చిందట. వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించిందట, హోటళ్లవారు అప్పీలుకు వెళ్లారట. ముందు బిల్లులోంచి తీసెయ్యమని అడగాలి, వినకపోతే 1915కి ఫోన్ చెయ్యాలి, అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి అన్నారు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చని, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా ఉండదని చేర్చారు. ప్రతి మాటా సరిచూసుకున్నాను, అన్నీ నిజమే.

ఇక్కడ నా ఒక్క బిల్లే పూర్తి సాక్ష్యం. పదివేల మంది బిల్లులు పోగుచేసి సగటు తీయనక్కర్లేదు. వైద్యంలో ఒక్క రోగి కథతో మందు గుణం తేలదు, వినియోగదారుల కేసులో మాత్రం ఒక్క రసీదుతో తీర్పు వస్తుంది. అపరిచితులతో మన వాదనలు చెడిపోవడానికి తెలియనితనం కంటే ఈ తూకాలు తారుమారు కావడమే ఎక్కువ కారణమని నాకు అనిపిస్తుంది. పక్కింటాయన చెబితే ఆయన ఏపాటి మనిషో మనకు తెలుసు కాబట్టి దానికి తగ్గట్టు తీసుకుంటాం. తెర అవతలి మనిషిని తూచలేం, ఆయన చూపే ఆధారాన్నే తూచాలి. అది ఏ తక్కెడలో తూగేదో తెలియకపోతే ఎంత తెలివీ అక్కరకు రాదు.

రాజకీయాల్లో అనుభవానికి వేరే రకం బరువు ఉంది. విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా వదులుకోవాలని కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా నిర్ణయించినప్పటి నుంచి ఈ గొడవ ఆగింది లేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాకా ఆగలేదు. ఎక్కడో ఉన్న అపరిచితుడు నష్టాల కంపెనీకి ప్రజల సొమ్ము ఎందుకంటాడు. ఉక్కు కర్మాగారం పక్కనున్న కూర్మన్నపాలెం మనిషి 1966 ఉక్కు ఉద్యమంలో పోయిన 32 ప్రాణాల గురించి, భూములిచ్చి, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన కుటుంబాల గురించి మాట్లాడతాడు. సొంత గనులు లేక ఖనిజం కొనుక్కోవడం వల్ల ఎంత భారం పడిందన్నది లెక్కల పుస్తకాలు తెరిస్తే తేలే ప్రశ్న. మాట ఇచ్చి తీసుకున్న భూమికి ఆ మాట ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలన్నది ఏ పుస్తకంలోనూ తేలదు. ఒకరు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంటే రెండోవారు రెండో ప్రశ్న అడుగుతుంటారు, ఇద్దరూ ఎదుటివాడు మొండివాడని తీర్మానించుకుంటారు.

సాంకేతిక విషయాలు కొలిస్తే తేలేవే, అయినా వాటికి పార్టీ రంగు ఇట్టే అంటుకుంటుంది. ఈవీఎంల మీద 2019లో ఓడిన పక్షం లేవనెత్తిన అనుమానాలనే 2024లో ఓడిన పక్షం లేవనెత్తింది. వాక్యాలు అవే, నోళ్లు మారాయి. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానన్నాక డేటా సెంటర్ గురించీ అదే తంతు. అక్కడి కంప్యూటర్లను ఆవిరి పద్ధతిలో చల్లబరిస్తే నీరు ఎక్కువ కావాలి, మూసిన గొట్టాల్లో తిప్పితే నీరు తగ్గి కరెంటు పెరగొచ్చు. ఏ పద్ధతి, రోజుకు ఎన్ని లీటర్లు, మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయాల మీద ఎంత ఒత్తిడి అని అడిగినవాడికి జవాబు రాదు, "నీది ఏ పార్టీ?" అన్న ప్రశ్న వస్తుంది.

మన భాషలో వాదన ఎక్కడ విరిగిందో పట్టుకోవడానికి ఒక సౌకర్యం ఉంది. "మీరు" కాస్తా "నువ్వు" అయిన చోటు చూస్తే చాలు, సాధారణంగా దానికి ముందు వాక్యంలోనే ఆధారాలు అయిపోయి ఉంటాయి. గాజువాక పెద్దమనిషి ఆ రాత్రంతా "సార్" వదలలేదు. నేనే రెండుసార్లు వదిలాను.

మూడు వారాల తరువాత ఆయన దగ్గర్నుంచి మళ్లీ సందేశం వచ్చింది, ఇంకో రిపోర్టు ఫొటోతో. ఈమధ్యలో నేను పీసీవీ గురించి చదివి ఆయనకు రాసి పెట్టాను, అప్పట్లో జవాబివ్వలేదు. "ఆ పీసీవీ అన్నది ఏ వరుసండీ?" అని అడిగారు. ఎర్రగీత చుట్టి పంపాను. పాప జ్వరం నిన్న దిగిందని, పొద్దుట్నుంచి కడుపునొప్పి అంటోందని రాశారు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. ఆటోలోనే ఉన్నామన్నారు.