ముక్కుకి మించిన కెమెరా లేదు

పెద్ద పెద్ద నగరాల్లో భూమిలోపలి మురుగు గొట్టాలు ఎలా ఉన్నాయో చూడ్డానికి చక్రాల మీద పాక్కుంటూ వెళ్ళే కెమెరా ఒకటి పంపిస్తారు. ఎక్కడ పగిలింది, ఎక్కడ చెట్టు వేరు దూరింది, ఎక్కడ జాయింటు జారింది, అన్నీ వీడియో తీసి పైన వ్యానులో కూర్చున్న ఇంజనీరుకి చూపిస్తుంది. పాపం, ఎంత ఖర్చు, ఎంత శ్రమ! మా గోదావరి డెల్టా పట్టణాలకి ఆ అవస్థ లేదు. మాకు ముక్కులున్నాయి. వాసన రాలేదంటే లైను బాగున్నట్టు. వచ్చిందంటే ఒక వారం ఓర్చుకుంటాం, అప్పటికీ పోకపోతే ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు, దాని కింద ఇంకొకరు దణ్ణం బొమ్మ పెడతారు, దాంతో తనిఖీ పూర్తయినట్టే.

దీన్ని చూసి నవ్వేవాళ్ళకి మా నేల సంగతి తెలీదు. గొట్టంలో మురుగు సెకనుకి కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలని, అలా పారితేనే అడుగున మడ్డి పేరుకోకుండా కొట్టుకుపోతుందని ఇంజనీర్ల లెక్క. ఆ వేగం రావాలంటే 200 మిల్లీమీటర్ల గొట్టం కిలోమీటరు వెళ్ళేసరికి మూడు మీటర్లకి పైనే కిందికి దిగాలి. ఏటవాలు నేల ఉన్న ఊళ్ళకి ఇదో లెక్క కాదు. మా దగ్గర ధవళేశ్వరం దాటితే సముద్రం దాకా నేల చాప పరిచినట్టు ఉంటుంది, వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే ఊట, ఆరడుగులు తవ్వితే చెరువు, గొట్టాన్ని ఎక్కడికని దింపుతాం? మధ్యమధ్యలో పంపుహౌస్ కట్టి మురుగుని పైకి తోడి మళ్ళీ వదలాలి. పంపుకి కరెంటు కావాలి, పంపు దగ్గర మనిషి కావాలి, ఆ మనిషికి నెలనెలా జీతం కావాలి. కథ సాధారణంగా అక్కడే ఆగుతుంది. జాయింట్లు వదులైతే మురుగు బయటికి కారడం అటుంచి, నేలలోని ఊటే లోపలికి దూరి లైను నిండిపోతుంది. పైగా గోదావరి ఎర్రగా పోటెత్తి ఏటిగట్టు తూములు మూసేశారంటే ఎవరి మురుగు వాళ్ళ గుమ్మంలోనే.

ఇంత గొడవెందుకని చాలా ఊళ్ళు భూగర్భ డ్రైనేజీ జోలికే పోలేదు. సెప్టిక్ ట్యాంకు గొట్టం సైడు కాలువలోకి, సైడు కాలువ మేజరు డ్రెయిన్‌లోకి, కుదరకపోతే ఎదురుగా ఉన్న పంట కాలువలోకి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని పుణ్యాన అన్నం తింటున్నాం కాబట్టి ఏటా మే 15న ఆయన విగ్రహానికి దండ వేసి, మిగతా రోజులన్నీ ఆయన కాలువలోకే మన గొట్టం వంచుతున్నాం. దండ మాత్రం తాజా పూలతోనే అండి. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ వంతెన మీద నిలబడి ఒక్కసారి ఊపిరి పీల్చినవాళ్ళకి ఇంకే రిపోర్టూ చదవాల్సిన పని లేదు.

లైను ఉన్న అదృష్టవంతుల వీధిలో తనిఖీ ఎలా జరుగుతుందో మాత్రం చూసి తీరాలి. మురుగు రోడ్డెక్కాక ఒక పొద్దున మేస్త్రి గారు, ఇద్దరు కుర్రాళ్ళు, వెదురుబద్దల కట్ట, ఒక గునపం మా వీధికి వేంచేశారు. ముందు చాంబరు, అంటే లైనులోకి దిగే గుంత, దాని మూత తీయాలి కదా, మూత లేదు. అంటే ఉంది, కిందటేడు వేసిన సీసీ రోడ్డు కింద ఉంది. "చాంబరు ఎక్కడుందండీ మేస్త్రి గారూ?" అంటే "ఆయ్, ఇక్కడే ఎక్కడో ఉండాలండి" అన్నారాయన, అందులో అబద్ధం ఏమీ లేదు. గునపం తిరగేసి రోడ్డు మీద కొట్టుకుంటూ, చెవి రిక్కించి వింటూ వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచారు. టక్కుమంటే ఉత్త రోడ్డు, డబ్బుమంటే చాంబరు. ఎదురింటి తాతగారు అరుగు మీంచే "కరెంటు స్తంభానికి ఎడంపక్క కొట్టండ్రా అబ్బాయ్, పాత ఛైర్మన్ గారి హయాంలో అక్కడే తవ్వారు" అని కేకేశారు. అక్కడే దొరికింది. మా వీధి డ్రైనేజీకి మ్యాపు ఆయనొక్కరే, కాబట్టి ఆయన బీపీ, షుగరు చూడ్డానికి మున్సిపాలిటీ ఒక డాక్టర్ని పెడితే సర్వే చేయించడం కన్నా చవకలో పోతుంది.

రోడ్డు పగలగొట్టి మూత లేపితే పైకొచ్చినవి: కొబ్బరి పీచు, పిల్లల డైపర్లు, పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు, కొత్తిల్లు కట్టుకున్నాయన వదిలేసిన సిమెంటు ముద్ద, వీటన్నిటినీ కలిపి పట్టుకున్న తెల్లటి కొవ్వు గడ్డ. చివరిది టిఫిన్ సెంటరు వాళ్ళ కానుక. వేడి వేడి నూనె తూములో పోస్తే ఎంత చక్కగా జారిపోతుందో, పదడుగులు పోయాక ఏమవుతుందో చూసేవాళ్ళెవరు?

ఇక్కడ మన ముక్కు పద్ధతిలో ఒక లోపం ఉంది, పెద్దలు మన్నించాలి. నిలవ మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. కంపు తగ్గింది కదా అని దిగినవాడు దిగినట్టే ఉండిపోతాడు, వాణ్ణి లాగుదామని దిగిన రెండోవాడూ అంతే. రక్షణ లేకుండా మనిషిని అందులోకి దింపితే మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలని, మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం అంటుంది. చనిపోతే కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో అన్న సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. దింపించేవాళ్ళకి ఇందులో అర్థమైంది ఒక్కటే, రేటు పెరిగింది గనక పేరు రికార్డులోకి రానివ్వకూడదు. అందుకే లోపలికి దిగినవాడు ఎవరి మనిషో ఎప్పుడూ ఎవరికీ తెలీదు. ఏ కులంవాడో మాత్రం అందరికీ తెలుసు.

యంత్రాలు లేవా అంటే ఉన్నాయండీ, నీళ్ళు గట్టిగా చిమ్మి పూడిక కదిపే జెట్టింగ్ బండి కూడా ఉంది. దానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన ఫొటో చూశాం. ఆ తర్వాత బండి కనపడలేదు. తప్పు పట్టడానికేం లేదు. కొత్త లైను వేస్తే శంకుస్థాపన, శిలాఫలకం, బిల్లు, అన్నీ ఉంటాయి. వేసిన లైను కడిగితే ఏముంటుంది? "ఈ వీధిలో మురుగు సాఫీగా పోయింది" అని ఫ్లెక్సీ కట్టించుకున్న నాయకుడు ఇంతవరకు పుట్టలేదు.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకి రంగులేస్తారు, రోడ్లకి మళ్ళీ సిమెంటు పోస్తారు, అంటే ఇంకొన్ని మూతలు పాతాళానికి పోతాయి. కాబట్టి ఏలినవారికి ఒక చిన్న విన్నపం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడే వానలు రాకముందు లైన్లన్నీ కడిగించి, కెమెరా తోలించి, ఆ వీడియో లోకల్ కేబుల్లో వేయించండి, సీరియల్ టైములో వేసినా మేమేమీ అనుకోం. లైనులోకి పొగ ఊదే పరీక్ష కూడా ఒకటుంది, వాననీళ్ళ గొట్టాన్ని దొంగచాటుగా మురుగు లైనుకి కలిపిన డాబాల మీంచి ఆ పొగ లేస్తుంది, అది మాత్రం ఎన్నికల ముందు వద్దు, ఎవరి డాబా మీంచి లేస్తుందో చెప్పలేం. ఇక శిలాఫలకం లేదన్న దిగులు అక్కర్లేదు. ప్రతి చాంబరు మూత మీదా మీ పేరు, హోదా పెద్ద అక్షరాలతో పోత పోయించుకోండి. అప్పుడు చూద్దాం, ఏ కాంట్రాక్టరు దాని మీద సిమెంటు పోస్తాడో.