రాత్రి షిఫ్టు: సమ్మతి ఎవరిది?

ఆడవాళ్లను రాత్రి షిఫ్టుల్లోకి అనుమతిస్తే కుటుంబాలు దెబ్బతింటాయని కొందరు వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆసుపత్రుల్లో నర్సులు ఎప్పటినుంచో రాత్రంతా పనిచేస్తున్నారు. అప్పుడు ఎవరికీ రాని బెంగ, జీతం కాస్త ఎక్కువుండే ఫ్యాక్టరీ ఉద్యోగం దగ్గరే ఎందుకు వస్తోంది?

1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ల పనివేళల్ని ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే పరిమితం చేసింది. ఇది వివక్షేనని మద్రాసు హైకోర్టు 2000లోనే కొట్టేసింది. మద్యం అమ్మేచోట స్త్రీలు పనిచేయరాదన్న పాత పంజాబ్ నిబంధననూ 2007లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. భూగర్భ గనుల్లోకి 2019లో దారి తెరిచారు. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ (పనిచేసేచోట భద్రత, పని పరిస్థితుల గురించిన కేంద్ర చట్టం) అన్నిరకాల పనుల్లోనూ స్త్రీలను నియమించవచ్చంది, రాత్రి పనికి మాత్రం వారి సమ్మతి ఉండాలంది.

నా భయమంతా ఆ సమ్మతి గురించే. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో రొయ్యల తలలు తీసే ఆడవాళ్లలో చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు. రాత్రికి రాలేనంటే మర్నాడు పనికి పిలవకపోతే, ఆమె పెట్టిన సంతకానికి అర్థమేముంది? కాదన్నందుకు పని పోగొట్టకూడదని చట్టంలో స్పష్టంగా రాయాలి. బస్సు మెయిన్‌రోడ్డు మీద దించేసి పోకుండా ఇంటి గుమ్మం దాకా రావాలి. తనిఖీ అధికారులు పగలు రిజిస్టరు చూసి సరిపెట్టకుండా రాత్రి రెండింటికి వెళ్లి ఆ కార్మికులతోనే మాట్లాడాలి.